నేరం తెలుగుది కాదు

"అన్నా, కర్సర్ ఒకచోట ఉంటే అక్షరం ఇంకోచోట పడుతోంది" అంది మా టీములో కొత్తగా చేరినమ్మాయి. నా మెషీన్ లో చూశాను, బానే ఉంది. "టైపింగ్ కొంచెం చూసుకుని చెయ్యమ్మా" అని ఓ సలహా కూడా పడేశాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

సంగతేంటంటే, కస్టమర్లకి వెళ్ళే మెసేజీల టెంప్లేట్లు మా వాళ్ళు బ్రౌజర్లోనే రాస్తారు. లోపలున్నది మొనాకో, అంటే విఎస్ కోడ్ లో ఉండే ఎడిటరే. ఆ రిలీజులోనే మొదటిసారి తెలుగు మెసేజీలు పెట్టాం. మర్నాటికి ఇంకో ముగ్గురు అదే కంప్లైంట్. మీటింగులో తీర్పు వెంటనే వచ్చేసింది: "తెలుగు వల్లే ప్రాబ్లం, తీసేసి ఇంగ్లీషులోనే పంపిద్దాం." ఆ మెసేజీలు చదివేది మా అమ్మలాంటి వాళ్ళు. రెండ్రోజులు టైమడిగాను.

నిజం చెప్పొద్దూ, నేనూ తెలుగునే అనుమానించాను. మన లిపి అలాంటిది మరి. "స్త్రీ" అని రాస్తే కంటికి ఒక్క అక్షరం, జావాస్క్రిప్ట్ లెక్కలో ఆరు. గౌతమి పెట్టాను, నిర్మల పెట్టాను, నోటో పెట్టాను. ఒకరోజు గోవిందా.

రెండోరోజు ఆ అమ్మాయి పక్కన కూర్చుని చూస్తే అప్పుడు వెలిగింది. తెలుగు ఉన్న లైన్లలో కర్సర్ ఉండాల్సిన చోటే ఉంది! తప్పుతున్నదల్లా వట్టి ఇంగ్లీషు లైన్లలో. అదీ లైను మొదట్లో కాదు, చివరికి వెళ్ళేకొద్దీ.

మొనాకో చేసే పని ఇదీ. లైన్లో వట్టి ఇంగ్లీషే ఉంటే, ఫాంటు మోనోస్పేసే కదా అని, ఒక అక్షరం వెడల్పుని హెచ్చవేసి కర్సర్ గీస్తుంది. వేగం కోసం. తెలుగుంటే ఆ లెక్క కుదరదు కాబట్టి, ఎక్కడుందో బ్రౌజర్నే అడుగుతుంది. ఆ వెడల్పుని మాత్రం మొదట్లో ఒకసారి కొలిచి దాచుకుంటుంది.

మేం తెలుగుతో పాటే, అందంగా ఉంటుందని ఫాంటు కూడా ఫిరా కోడ్ కి మార్చాం. ఈ ముక్క మీటింగులో ఎవరికీ గుర్తు రాలేదు, మార్చిన నాకు కూడా! అది నెట్ మీంచి దిగేలోపే ఎడిటర్ కన్సోలాస్ ని కొలిచేసింది. 14 పిక్సెళ్ళ సైజులో కన్సోలాస్ అక్షరం సుమారు 7.7, ఫిరా కోడ్ 8.4. యాభై అక్షరాలకి 35 పిక్సెళ్ళు, అంటే కర్సర్ నాలుగక్షరాలు వెనక. నా బ్రౌజర్లో ఫాంటు ఎప్పుడో కాష్ అయిపోయింది కనక నాకు కనపడలేదు. ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే నాకూ అదే గోల.

మందు ఒక్క లైను. డాక్యుమెంట్.ఫాంట్స్.రెడీ అయ్యాక మొనాకో.ఎడిటర్.రీమెజర్‌ఫాంట్స్ ని పిలవడం. ఎడిటర్ తప్పేం లేదు, ఆ ఫంక్షన్ ఇలాంటప్పటి కోసమే ఇచ్చారు, మేమే పిలవలేదు.

తెలుగు మెసేజీలు ఉండిపోయాయి. ఆ అమ్మాయికి సారీ చెప్పాను. "పర్లేదన్నా, కానీ మీ కాష్ అప్పుడప్పుడు క్లియర్ చేస్తుండండి" అంది.