గేటు ముందు ఐదు రూపాయలు

జూన్ 16, 2025, సోమవారం

బడి తెరిచి ఇంకా వారం కాలేదు. ప్రేయరు గంట కొట్టకముందే గేటు ఎదుట అవ్వ కొట్టు దగ్గర గుంపు. కొట్టంటే నాలుగు గుంజలు, పైన రేకు, ముందు అడ్డంగా కట్టిన తాడు. ఆ తాడుకు ఎర్రవీ పచ్చవీ ప్యాకెట్ల సరాలు. పిల్లలు ఐదు రూపాయల బిళ్ల చేతిలో పెడతారు, అవ్వ తలెత్తకుండానే ఒకటి తెంచి ఇస్తుంది. ఆరో తరగతి పాపను అడిగాను, పొద్దున ఏం తిన్నావమ్మా అని.

"ఏం తినలేదు సార్. అమ్మ పొద్దున్నే కూలికి పాయ. దుడ్లు ఇచ్చి పాయ."

ఆ పిల్లకు ఆ పూట కూడు ఆ ప్యాకెట్టే.

జూన్ 19, గురువారం

తొమ్మిదో తరగతిలో పోషకాహారం పాఠం. పుస్తకం పక్కన పెట్టి, అవ్వ దగ్గర కొన్న చిప్స్ ప్యాకెట్ వెనకవైపు చదివించాను. అక్షరాలు ఎంత చిన్నవంటే కిటికీ దగ్గరికి తీసుకుపోవాల్సి వచ్చింది. వంద గ్రాములకు ఏడు గ్రాముల మాంసకృత్తులు, ముప్పై నాలుగు గ్రాముల కొవ్వు. లోపల ఉన్నది మాత్రం పన్నెండు గ్రాములు. లెక్క బోర్డు మీద వేయమంటే ఒక పిల్ల వేసి చూపించింది: ఐదు రూపాయలకు ఒక గ్రాము మాంసకృత్తులు కూడా రావడం లేదు.

"మరి బుడ్డలైతే సార్?" అని వెనక బెంచీ నుంచి. బుడ్డల (వేరుశనగ) పప్పులో వంద గ్రాములకు పాతిక గ్రాముల దాకా మాంసకృత్తులే. ఇరవై గ్రాముల పప్పు తింటే ఐదు గ్రాములు. అడిగినవాడి నాన్న బుడ్డల రైతే. తరగతిలో సగం మంది ఇళ్లలో బుడ్డలో పత్తో పండిస్తారు. ఆదోనిలో నూనె మిల్లులు నడిచిందీ, మార్కెట్ యార్డు నిండిందీ ఈ చేల పంటతోనే. అదే చేల పిల్లలు పామాయిల్లో వేగిన బంగాళాదుంప పొరలు కొనుక్కుంటున్నారు. నాకు ఇది సహించరాని విషయం.

జులై 10, గురువారం

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్. షామియానా, కుర్చీలు, ముగ్గుల పోటీ. తల్లులు బాగా వచ్చారు. మధ్యాహ్న భోజనం గురించి మాట్లాడాక ఒక తండ్రి లేచాడు: "భోజనం బాగుంది సార్. గేటు ముందర ఆ కొట్టు మాత్రం ఎత్తేయించండ్రి. ఐదు రూపాయలు ఇయ్యకపోతే మా వాడు బడికే రానంటాడు."

చప్పట్లు పడ్డాయి. మూడో వరసలో అవ్వ కూర్చుని ఉంది. ఆమె మనవడు ఎనిమిదో తరగతి. కొడుకు, కోడలు బెంగళూరులో కట్టడం పనికి పోయారు. ఆ పిల్లవాడి నోటు పుస్తకాలు, చెప్పులు, జ్వరం మాత్రలు అన్నీ ఆ తాడు మీది నుంచే వస్తాయి. ఆమె ఏమీ మాట్లాడలేదు. హెచ్.ఎం. గారు "చూద్దాం" అన్నారు. ఆ పూటకు అంతకన్నా సరైన మాట లేదు.

జులై 23, బుధవారం

కొట్టు ఎత్తేయించడానికి నిబంధన లేకపోలేదు. 2010లో ఉదయ్ ఫౌండేషన్ అనే సంస్థ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది, బడుల దగ్గర జంక్ ఫుడ్ ఆపాలని. 2015లో కోర్టు ఆదేశాలిచ్చింది. 2020లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమాలు తెచ్చింది. 2021 జులై నుంచి అవి అమల్లో ఉన్నాయి. కొవ్వు, ఉప్పు, చక్కెర మితిమీరిన తిండిని బడి క్యాంటీన్లో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపల గానీ అమ్మకూడదు, ప్రచారమూ చేయకూడదు. పొగాకుకైతే 2003 చట్టం నాటి నుంచే వంద గజాల గీత ఉంది.

మా గేటు నుంచి 50 మీటర్లంటే రోడ్డు అవతల. ఇసుక ట్రాక్టర్లు, హొళగుంద ఆటోలు పోయే రోడ్డు. అవ్వను అక్కడికి తరిమితే పిల్లలు రోడ్డు దాటి పోతారు, ప్యాకెట్ మాత్రం మారదు. నియమంలో "ప్రచారం" అన్న రెండో సగం ఉంది చూడండి, దాని జోలికి ఎవరూ పోరు. ఆదోనిలో నాకు తెలిసిన ఒక ప్రైవేటు బడి క్యాంటీన్లో కూల్‌డ్రింకుల ఫ్రిజ్ ఉంది. కంపెనీ ఊరికే ఇచ్చింది, అందులో వాళ్ల సీసాలే పెట్టాలన్న షరతుతో. క్యాంటీన్ అద్దె బడికి. ఆ ఫ్రిజ్ గేటుకు లోపలే ఉంది, కొలవడానికి మీటర్లే లేవు. నియమం ముందు పోవాల్సింది అక్కడికి.

ఆగస్టు 21, గురువారం

సాయంత్రం బస్సు ఆలస్యం. అవ్వ దగ్గర కూర్చుని లెక్క అడిగాను. చెప్పడానికి ఆమెకు మొహమాటం లేదు.

డజను ప్యాకెట్ల సరం అమ్మితే ఆరేడు రూపాయలు మిగులుతుంది. కిలో బుడ్డకాయలు ఉడకబెట్టి గ్లాసుతో కొలిచి అమ్మితే ఉప్పు, కట్టెలు పోనూ ముప్పై రూపాయలకు తగ్గదు.

"మరి అవే పెట్టొచ్చు కదవ్వా?"

"మిగిలితే సాయంత్రానికి జిగటొస్తాయి సారూ, గొడ్లకు పొయ్యాల. ప్యాకెట్ మిగిలితే రేపటికి అట్లే ఏలాడతాది. ఇంగోటి, వ్యాను పిల్లోడు సరుకు దించి పోతాడు, దుడ్లు వచ్చే వారం. బుడ్డలకు అప్పు ఎవురిస్తారు నాకు?"

ఆరోగ్యమా, ఆదాయమా అని మనం సభల్లో వాదించుకుంటాం. అవ్వ లెక్కలో ఆ రెండింటికీ తగువే లేదు. మంచి తిండికే లాభం ఎక్కువ. ఆ ప్యాకెట్‌ను ఇక్కడ నిలబెట్టినవి చెడిపోకపోవడం, అప్పు మీద దొరకడం. మిగిలితే నష్టం ఎవరిది అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే తాడు సగం ఖాళీ అవుతుంది.

సెప్టెంబర్ 4, గురువారం

నిన్న రాత్రి జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయాలు. ఈ నెల 22 నుంచి బిస్కెట్లు, చాక్లెట్ల మీద 18 శాతం కాస్తా 5 అవుతుంది. మిక్చర్, భుజియా లాంటివి 12 నుంచి 5కు. కూల్‌డ్రింకులు 40లోనే ఉంటాయి. ఇంతకు ముందు 28, పైన 12 సెస్సు, మొత్తం అదే. చక్కెర నీళ్లు పాపపు సరుకు, ఉప్పూ నూనే అందరి సరుకు అని తేల్చినట్టయింది. స్టాఫ్ రూములో అందరూ సంతోషించారు, నేను కాలేదు. ఐదు రూపాయల బిళ్లకు చిల్లర తిరిగి రాదు. పన్ను తగ్గితే ప్యాకెట్ కాస్త ఉబ్బుతుంది, అంతే.

సెప్టెంబర్ 14, ఆదివారం

పెదనాన్న కొడుకు టెక్సస్ నుంచి ఫోన్. వాళ్లమ్మాయి హైస్కూల్లో తిండి మిషన్ ఉందట. అద్దం వెనక ప్యాకెట్లు, కార్డు గీకితే ఒకటి జారి పడుతుంది. అవ్వ తాడుకు కరెంటు పెట్టినట్టే ఉంది.

అక్కడి కథ తెలిసినవాళ్లకు ఆశ్చర్యం లేదు. 1990ల్లో కోలా కంపెనీలు బడులతో ఒప్పందాలు చేసుకున్నాయి. ఆవరణలో మా పానీయాలే అమ్మండి, ఆటస్థలానికి స్కోర్‌బోర్డు మేమిస్తాం అని. 2005లో అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ చూస్తే, పదింట తొమ్మిది బడుల్లో భోజనానికి పోటీగా ఇలాంటి తిండి అమ్ముతున్నారు. దాదాపు 30 శాతం హైస్కూళ్లకు దాని మీద ఏడాదికి లక్షా పాతిక వేల డాలర్ల పైనే వచ్చేది. బ్యాండు బట్టలు, ఆటల బస్సులు ఆ డబ్బుతోనే. లాస్ ఏంజెలస్ బడుల బోర్డు 2002లోనే సోడాలు వద్దని తీర్మానించి 2004 నుంచి ఆపింది. ఫ్రాన్స్ 2005లో బడుల్లోంచి మిషన్లనే తీసేసింది. అమెరికా దేశం మొత్తానికి 2014లో నియమం వచ్చింది: చిరుతిండి 200 క్యాలరీలు దాటకూడదు, ఉప్పుకూ చక్కెరకూ హద్దు. బుడ్డలకు, గింజలకు కొవ్వు హద్దు నుంచి మినహాయింపు. ఆ నియమం బడి విడిచిన అరగంట దాకే.

మా గేటు దగ్గర ఆ డబ్బులో బడికి పైసా రాదు. అందువల్ల మా చేతులు వాళ్ల చేతుల్లా కట్టేసి లేవు. ఇది మాకున్న పెద్ద వెసులుబాటు, దాన్ని వాడుకోకపోతే తప్పు మాదే అవుతుంది.

అక్టోబర్ 3, శుక్రవారం

నిన్న రాత్రి దేవరగట్టులో బన్ని, దసరా కర్రల ఉత్సవం. మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం కర్రలు, దివిటీలు. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లు ఒకవైపు. పసుపు అద్దుకున్న తలలు. దాని గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను కొండ కింద అంగళ్లు చూస్తూ నిలబడ్డాను.

దంపతులిద్దరు బొరుగులు కలుపుతున్నారు. మనిషి అడిగాకే కలపడం: బొరుగులు, ఉల్లిగడ్డ, పుట్నాల పొడి, ఇంత బుడ్డలు, పైన నిమ్మకాయ. భార్య పొట్లం చుట్టేలోపు ఇంకో నలుగురు చేతులు చాపుతున్నారు. పక్కనే మిరపకాయ బజ్జి, ఉగ్గాని. తెల్లవారుజామున బొరుగుల సంచీ దులిపితే అడుగున పొట్టు తప్ప ఏమీ లేదు. ప్యాకెట్ల అంగడీ ఉంది కానీ అక్కడ రద్దీ తక్కువ. తెల్లారేదాకా జనం కదలరని ఖాయంగా తెలుసు గనక ఎవరికీ మిగులుతుందన్న భయం లేదు.

బడి ఇంటర్వెల్‌కు కూడా జనం ఖాయమే. రోజూ ఎంతమంది వచ్చారో హాజరు పట్టీలో ఉంటుంది. ఆ అంకె పొద్దున్నే అవ్వకు చెప్పేవాళ్లు లేరు.

అక్టోబర్ 16, గురువారం

పచ్చి బుడ్డలు దిగుతున్నాయి. పత్తి తీత మొదలైంది, చీకటితోనే ఆటోలు కూలోళ్లను ఎక్కించుకుపోతున్నాయి. పొద్దున తినకుండా వచ్చే పిల్లలు పెరిగారు. వారంలో మూడు రోజులు రాగి జావ ఉంది, ఆ రోజుల్లో కొట్టు దగ్గర గుంపు పలచబడటం కంటికే కనిపిస్తుంది. తమిళనాడు 2022 సెప్టెంబర్‌లో ప్రాథమిక బడుల్లో పొద్దుటి టిఫిన్ మొదలుపెట్టింది. మా పత్తి ఊళ్లకు అది హైస్కూలు దాకా కావాలి, సోమవారం నుంచి శనివారం దాకా కావాలి.

అది వచ్చేదాకా ఒక ఏర్పాటు. హెచ్.ఎం. గారు ఒప్పుకున్నారు. ఇంటర్వెల్‌కు అవ్వ బుడ్డల గంప గేటు లోపలికి తెచ్చుకోవచ్చు, ప్యాకెట్లు తేకూడదు. గ్లాసు ఐదు రూపాయలు. హాజరు అంకె ఆమె మనవడు చెప్పి వస్తాడు. మొదటి మూటకు స్టాఫ్ రూము అప్పిస్తుంది. మిగిలినవి ఏ రోజుకారోజు మేమే కొంటాం.

నవంబర్ 5, బుధవారం

ఉడకబెట్టిన బుడ్డలు ఇంటర్వెల్ సగం కాకుండానే అయిపోతున్నాయి. అలసంద గుగ్గిళ్లు రెండో రోజు సగం మిగిలి మా టిఫిన్ డబ్బాల్లోకి చేరాయి. తర్వాత అవ్వే పచ్చిమిరప, ఉల్లిగడ్డ తరిగి నిమ్మకాయ పిండింది. పిల్లలు మళ్లీ వచ్చారు. పదో తరగతి మగపిల్లలు కొందరు ఇంకా ప్యాకెట్టే కావాలంటారు. ఏం నచ్చుతుందిరా అంటే "కారం సార్" అన్నారు. ఆ కారం అవ్వ చేతిలోనే ఉందని గుగ్గిళ్లు చెప్పాయి.

మొన్న వానలకు కట్టెలు తడిసి రెండు రోజులు పొయ్యి వెలగలేదు. ఆ రెండు రోజులూ తాడు నిండుగా వేలాడింది. అవ్వ కోడలి పేరు మీద పొదుపు సంఘంలో అప్పుకు వీలుందట, గ్యాస్ పొయ్యికి అడగమన్నాను. సరాలు తగ్గాయి, పోలేదు. వ్యాను అబ్బాయి కారణం అడిగితే అవ్వ "పిల్లోళ్లు బుడ్డలు తింటాండారప్పా" అని సరం వెనక్కి ఇచ్చేసింది.

ఆడపిల్లలు గంప దగ్గర ఎక్కువగా ఆగుతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. బుడ్డలు దానికి మందు కావు, ఇనుము మాత్రలు మానకూడదు, ఈ సంగతి తరగతిలో మళ్లీ చెప్పాలి. కానీ ఖాళీ కడుపుతో మాత్ర మింగి వాంతి చేసుకునే పిల్లలు నాకు తెలుసు.

నవంబర్ 22, శనివారం

సుగ్గి వలస మాటలు మొదలయ్యాయి. మిరప కోతలకు గుంటూరు వైపు ఎవరెవరు పోతారో, పిల్లలను తీసుకుపోతారో, సీజనల్ హాస్టల్లో వదులుతారో అడిగి పట్టీ రాస్తున్నాం. సంక్రాంతి తర్వాత హాజరు ఎంతకు పడుతుందో అవ్వకు ముందే చెప్పకపోతే గంప మిగిలిపోతుంది, అంత మిగులు కొనే శక్తి స్టాఫ్ రూముకు లేదు.

పచ్చి బుడ్డలు ఈ నెలతో సరి. ఎండు కాయ నానబెట్టి ఉడకబెట్టాలి, కట్టెలు ఇంకా ఎక్కువ. సోమవారం ఆదోని యార్డులో రెండు మూటల ధర అడగాలి. పొదుపు సంఘం సంతకాలకు అవ్వ కోడలు బెంగళూరు నుంచి ఎప్పుడొస్తుందో కనుక్కోవాలి.