గోడకు ఇటు పాలస్తీనా... అటు ఇజ్రాయెల్!

టైటానిక్ ఓడను కట్టిన ఊరు బెల్‌ఫాస్ట్. ఉత్తర ఐర్లండ్ రాజధాని. ఓడ మ్యూజియం చూశాక పర్యాటకులు చాలామంది ఎక్కేది నల్ల ట్యాక్సీ. అది తీసుకెళ్లేది కోటలకో తోటలకో కాదు, రెండు మామూలు వీధులకు! ఒకటి ఫాల్స్ రోడ్డు, క్యాథలిక్కుల పేట. రెండోది షాంకిల్ రోడ్డు, ప్రొటెస్టెంట్ల పేట.

ఫాల్స్ రోడ్డులో కరెంటు స్తంభాలకు పాలస్తీనా జెండాలు కనిపిస్తాయి. గోడల మీద గాజా బొమ్మలు. కాస్త దూరం నడిచి షాంకిల్ వైపు వెళ్తే, బ్రిటన్ జెండాల మధ్య ఇజ్రాయెల్ జెండా ఎగురుతూ ఉంటుంది. ఇక్కణ్నుంచి జెరూసలేం సుమారు నాలుగు వేల కిలోమీటర్లు. మరి వీళ్లకెందుకు ఆ జెండాలు?

కారణం వీళ్ల చరిత్రలోనే ఉంది. బ్రిటన్ పాలనలో సొంత గడ్డమీదే పరాయివాళ్లమయ్యామన్నది క్యాథలిక్కుల బాధ. పాలస్తీనీయుల్లో వాళ్లకు తామే కనిపిస్తారు. ప్రొటెస్టెంట్లలో చాలామంది పూర్వీకులు 17వ శతాబ్దంలో స్కాట్లండ్, ఇంగ్లండ్‌ల నుంచి వచ్చి స్థిరపడ్డారు. తమను కాదనేవాళ్ల మధ్య బాంబుల భయంతో బతికామన్నది వీళ్ల బాధ. వీళ్లకు ఇజ్రాయెల్ దగ్గరగా అనిపిస్తుంది. రెండు పేటల్లోనూ అందరూ అలాగే ఆలోచిస్తారని కాదు, కానీ జెండాలు చెప్పేది ఆ మాటే.

ఈ రెండు వర్గాల మధ్య దాదాపు ముప్ఫై ఏళ్లు సాగిన హింసలో సుమారు 3,500 మంది చనిపోయారు. గొడవలు ఆపడానికి 1969 నుంచి పేటల మధ్య గోడలు కట్టారు. వాటి పేరు... శాంతి గోడలు! 1983 నుంచి 1993 దాకా ఇజ్రాయెల్ అధ్యక్షుడిగా ఉన్న హైమ్ హెర్జోగ్ 1918లో ఈ ఊళ్లోనే పుట్టారు. ఆ ఇంటికి ఆయన పేరుతో ఫలకం పెట్టారు. దాడులు ఆగకపోవడంతో 2014లో దాన్ని తీసేయాల్సి వచ్చింది.

రైలెక్కితే సుమారు రెండు గంటల్లో డబ్లిన్. ఐర్లండ్ గణతంత్ర రాజధాని. అక్కడ ఎక్కువమంది సానుభూతి పాలస్తీనా వైపే. 2024 మే 28న ఐర్లండ్ పాలస్తీనాను దేశంగా గుర్తించింది. ఆ డిసెంబరులో ఇజ్రాయెల్ డబ్లిన్‌లోని తన రాయబార కార్యాలయాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది.

అదే బెర్లిన్ వెళ్లండి... నగరం నడిబొడ్డున 2,711 కాంక్రీటు దిమ్మెలు మౌనంగా నిలబడి ఉంటాయి. నాజీలు చంపిన అరవై లక్షల యూదుల కోసం 2005లో తెరిచిన స్మారకమది. ఇజ్రాయెల్ భద్రత జర్మనీ బాధ్యతని 2008లో ఆ దేశ పార్లమెంటులోనే చెప్పారు ఏంజెలా మెర్కెల్. 2023 అక్టోబరు 7 హమాస్ దాడి, ఆ తర్వాత గాజాలో వేలాది మరణాల అనంతరం జర్మన్ ప్రజల్లోనూ విమర్శలు పెరిగాయి. అయినా ఆ పాత అపరాధభావం వాళ్లను వదల్లేదు.

మన సంగతీ అంతే. 1947 ఆగస్టులో దేశ విభజన చూసిన భారత్, అదే ఏడాది నవంబరులో పాలస్తీనాను విభజించే ఐక్యరాజ్యసమితి ప్రతిపాదనకు వ్యతిరేకంగా ఓటేసింది.

ఏ దేశం గాయం ఆ దేశానిది. దాని గుండానే దూరపు యుద్ధాన్ని చూస్తారు. చిక్కేమిటంటే, అలా చూసినప్పుడు అక్కడ బాంబు పడిన ఇంట్లో, బందీని పోగొట్టుకున్న ఇంట్లో ఎవరున్నారో సగమే కనిపిస్తుంది.

బెల్‌ఫాస్ట్‌లో 1998లో శాంతి ఒప్పందం కుదిరింది. 2023 నాటికి గోడలన్నీ తీసేస్తామని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకున్నా అది నెరవేరలేదు. ట్యాక్సీ దిగిన పర్యాటకులు ఆ గోడల మీద శాంతి సందేశాలు రాస్తుంటారు. మీరు వెళ్తే పగలే వెళ్లండి. కొన్నిచోట్ల రాత్రికి గేట్లు మూసేస్తారు.