కొత్త వర్డ్‌లోకి పాత దిద్దుబాట్లు

నర్సాపూర్‌లో తహసీల్దార్ ఆఫీసులో కాగితం ఇవ్వాలంటే ముందు డీటీపీ దుకాణం మెట్లెక్కాలి. రైతు తన గోడు చెబుతుంటాడు, కంప్యూటర్ ముందున్న అమ్మాయి కొడుతుంటుంది. ఆమె కొట్టేది రెండక్షరాలు, తెరమీద పడేది నిండు వరుస. ‘తహ’ అని కొట్టి స్పేస్ నొక్కగానే ‘గౌరవనీయులైన తహసీల్దార్ గారికి, నర్సాపూర్ మండలం, మెదక్ జిల్లా’ అని వచ్చేస్తుంది. ‘నమ’ అంటే ‘నమస్కరించి వ్రాయునది ఏమనగా’. ‘విర’ అంటే విరాసత్, అంటే వారసత్వ మార్పు దరఖాస్తుకు విషయం వరుస, ‘సాదా’ అంటే సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితం కొనుగోలు అర్జీ మొదలు. చూసేవాళ్లు కంప్యూటర్ గొప్పతనం అనుకుంటారు. గొప్పతనం ఆ అమ్మాయిది. వర్డ్‌లో ఆటోకరెక్ట్ అనే పట్టిక ఉంటుంది. ఆ పొట్టి గుర్తులన్నీ తనకు ఏ మాట ఎన్నిసార్లు అవసరపడుతుందో చూసుకుంటూ అందులో ఆమె ఒక్కొక్కటిగా ఎక్కించుకున్నవే.

ఈ సదుపాయం మొదట పుట్టింది ఇంగ్లిషు వాళ్ల వేళ్ల తడబాటు కోసం. 1993లో వచ్చిన వర్డ్ 6తో ఇది జనం చేతికి అందింది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన డీన్ హాచమోవిచ్ దీని వెనకున్న మనిషి. తరచూ తారుమారయ్యే మాటలను, స్పేస్ నొక్కిన క్షణంలోనే, టైపు చేసేవాళ్లు ఆగనక్కర లేకుండా సరిచేయాలన్నది ఆలోచన. తప్పులు దిద్దే పనికి చేసిన ఆ ఏర్పాటును మన దుకాణాలు పొడుగాటి వాక్యాలు పిలిచే పనికి వాడుకున్నాయి. నాకు ఇది చాలా తెలివైన వాడకం అనిపిస్తుంది. తెలుగు అర్జీ భాషలో సగం మాటలు ఎప్పుడూ ఒకటే. మిగిలిన సగమే ఆ మనిషి కష్టం. ఆ సగం మీద దృష్టి పెట్టడానికి టైపు చేసే మనిషికి తీరిక దొరుకుతుంది.

చిక్కు యంత్రం మారినప్పుడు వస్తుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. ఆఫీస్ 2016, 2019లకూ అదే గడువు. దాంతో కొత్త డబ్బా, కొత్త వర్డ్ అన్న మాట దుకాణాల్లో మొదలైంది. బాగుచేసే కుర్రాడు వచ్చి డెస్క్‌టాప్ మీద ఉన్నవీ, డీ డ్రైవ్‌లో ఉన్నవీ పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, ‘అన్నీ తీస్కున్న’ అంటాడు. అబద్ధం చెప్పడు పాపం. అతనికి కనిపించినవన్నీ తీసుకున్నాడు. ఆటోకరెక్ట్ పట్టిక కనిపించే చోట ఉండదు. ఈ సంగతి కదిపితే దుకాణం అమ్మాయి నాతో అన్న మాట ఇది: ‘ఫైళ్లు పోతే మళ్ల కొట్టుకుంట సార్. గవి పోతే నా చేతులకేం తెల్వది.’

పట్టిక ఉండేది విండోస్ దాచిపెట్టే యాప్‌డేటా ఫోల్డరులో. రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్ అని ఒకదాంట్లోకి ఒకటి దిగుతూ పోతే ఏసీఎల్ అన్న తోకతో చిన్న ఫైళ్లు దొరుకుతాయి. భాషకు ఒకటి చొప్పున ఉంటాయి. పేరులో ఎంఎస్ఓ అన్న అక్షరాల తర్వాత 1033 ఉంటే అమెరికా ఇంగ్లిషు, 16393 ఉంటే భారతీయ ఇంగ్లిషు, 1098 ఉంటే తెలుగు. ఈ అంకెలు గుర్తుంచుకోవడం అవసరం. తెలుగు మాటలైనా, ఎక్కించిన రోజు వర్డ్ భాష ఇంగ్లిషుగా ఉంటే అవి ఇంగ్లిషు ఫైలులోకే చేరతాయి. తెలుగు ఫైలు ఒక్కటే తెచ్చుకుంటే సగం ఆస్తి పాతదాంట్లో ఉండిపోతుంది. వర్డ్, అవుట్‌లుక్ అన్నీ మూసి ఈ ఫైళ్లను కాపీ చేసి, కొత్త యంత్రంలో అదే చోట పెట్టాలి. అక్కడ అదే పేరుతో ఉన్న ఫైలు పేరు మార్చి పక్కన ఉంచుకోవాలి. ఎందుకంటే పాతదీ కొత్తదీ కలిసిపోవు, ఒకటి రెండోదాన్ని తుడిచేస్తుంది.

ఇంతవరకూ చేసి అంతా అయిందనుకునేవాళ్లే ఎక్కువ. అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది. మామూలు ఎంట్రీలో 255 అక్షరాలే పడతాయి. క్రయపత్రంలో ‘నా స్వార్జితమగు’ అని మొదలై నాలుగు హద్దులూ చెప్పి ‘ఎట్టి తగాదాలు లేవు’ అని ముగిసే పేరా అందులో పట్టదు. అలాంటి వాటిని ఫాంటుతో సహా, ఫార్మాట్ చేసిన ఎంట్రీగా ఎక్కించుకుంటారు. అవి ఏసీఎల్ ఫైలులోకి పోవు. నార్మల్ అనే వర్డ్ టెంప్లేటులోకి పోతాయి, అది ఉండేది టెంప్లేట్స్ అన్న వేరే ఫోల్డరులో. అంటే చిన్నచిన్న మాటలన్నీ క్షేమంగా వస్తాయి, ఏళ్ల తరబడి దస్తావేజు లేఖరుల దగ్గర నేర్చుకుని మెరుగుపెట్టుకున్న పెద్ద పేరాలు ఉండిపోతాయి. ఈ సంగతి ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది. వర్డ్ తనంతట తాను చెప్పదు.

అనూ ఫాంట్లలో కొట్టే వాళ్ల సంగతి ఇంకో రకం. అనూలో తెరమీద తెలుగు కనిపిస్తుంది, లోపల ఉండేవి ఇంగ్లిషు అక్షరాల స్థానాలు. ఆ పట్టికను యూనికోడ్ వాడే కొత్త యంత్రంలోకి తెస్తే అర్థంలేని గుర్తులు పడతాయి. ముందు మాటలన్నిటినీ ఒక డాక్యుమెంటులోకి తీసి, కన్వర్టరులో యూనికోడ్‌కు మార్చి, ఒత్తులు సరిగా పడ్డాయో లేదో కళ్లతో చూసుకుని, ఆ తర్వాతే ఎక్కించాలి. మధ్యలో నోట్‌ప్యాడ్‌లో పాత ఆన్సి పద్ధతిలో సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది, యూటీఎఫ్-8 అని ఎంచుకోవాలి.

నేనైతే కన్ను మూసుకుని కాపీ చేయమని చెప్పను. చిన్న మాక్రోతో పట్టిక మొత్తాన్ని ఒక డాక్యుమెంటులోకి దించవచ్చు, ఎడమ గడిలో పొట్టి గుర్తు, కుడి గడిలో పూర్తి మాట. దాన్ని ప్రింటు తీసి పెన్ను పట్టుకుని చదవాలి. నర్సాపూర్ దుకాణపు పట్టిక అలా చదివితే ఈ ప్రాంతం పాలన ఎన్నిసార్లు చేతులు మారిందో తెలిసిపోతుంది. కొన్ని చిరునామాల చివర ఇంకా ‘ఆంధ్రప్రదేశ్’ ఉంది, అవి 2014 జూన్ 2కు ముందువి. ‘జిల్లా కలెక్టర్, సంగారెడ్డి’ అన్న ఎంట్రీ 2016 అక్టోబరు 11కు ముందుది. అప్పటిదాకా మెదక్ జిల్లాకు కేంద్రం సంగారెడ్డే. ఆ రోజు జిల్లా మూడుగా విడిపోతే మన అర్జీలు మెదక్ కలెక్టరుకు మళ్లాయి. హత్నూర మండలం సంగారెడ్డి జిల్లాలోకి పోయింది, చిలప్‌చెడ్ కొత్త మండలమై మెదక్ జిల్లాలో నిలిచింది. ‘వీఆర్వో గారి విచారణ’ అన్న వాక్యానికి 2020లో ఆ వ్యవస్థ రద్దుతోనే కాలం తీరింది. అదే ఏడాది అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని చోట భూభారతి వచ్చింది.

ఒక అక్షరం పొరపాటుకు రైతు మళ్లీ బస్సెక్కి రావాలి. చదవకుండా తెచ్చిన పట్టిక పాత జిల్లా పేరును కొత్త అర్జీలో చడీచప్పుడు లేకుండా పెట్టేస్తుంది, కొట్టే మనిషి చూపు అప్పుడు రైతు ముఖం మీద ఉంటుంది. అలాగని పాతవన్నీ కొట్టేయడమూ సరికాదు. 2014కు ముందు దస్తావేజును ఇవాళ్టి అర్జీలో ఉటంకించాలంటే అప్పటి జిల్లా, అప్పటి రాష్ట్రం అలాగే రాయాలి. ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డు మాట 1954-55 నాటిది, ఇప్పటికీ తగవుల్లో వస్తూనే ఉంది. వాటికి వేరే గుర్తు ఇచ్చి ఉంచుకోవాలి.

మెదక్ పోయే తోవలోని కొల్చారం పేరు ఆ పట్టికలో రెండు రకాలుగా ఉంది, ఒకచోట కొల్చారం, ఇంకోచోట కుల్చారం. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి ఊరిగా ప్రసిద్ధి పొందిన చోటది. వ్రాతప్రతులు చేతులు మారుతూ పాఠాలు చెదిరిన కాలంలో, ఏ పాఠం నిలపాలో ఏది వదలాలో తేల్చుకుంటూ పోయిన పండితుడాయన. ఇక్కడ తేల్చేది పాస్‌బుక్కు. అందులో ఎలా ఉంటే అర్జీలో అలాగే ఉండాలి. కాబట్టి రెండూ ఉంచడమే మంచిది.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. ఆటోకరెక్ట్ పూర్తి మాటనే గుర్తుపడుతుంది. ‘నర్స’ అని కొడితే నర్సాపూర్ వస్తుంది గానీ ‘నర్సలో’ అంటే దానికి తెలియదు. మనకేమో విభక్తి లేకుండా వాక్యం నడవదు. అందుకే ఆ అమ్మాయి ఒక్క ఊరికే మూడు నాలుగు ఎంట్రీలు పెట్టుకుంది, -లో, -కు, -నుండి అని. పైగా ‘నర్సాపూర్‌లో’ అని పొల్లు విడిగా నిలవాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పడాలి, లేకుంటే లకారం రకారం కిందికి దిగిపోతుంది. ఆ గుర్తు ఆమె ఎంట్రీలో భద్రంగా ఉంది.

పట్టికలో లేని ఒక సంగతినీ వెంట తెచ్చుకోవాలి. వర్డ్‌కు 1/2 అని కొడితే దాన్ని ఒక్క గుర్తుగా, అర అని మార్చేసే అలవాటుంది. సర్వే నంబరు 1/2 అర అయిపోతే భూమి ఎవరిదో తెలియదు. పాత యంత్రంలో ఎప్పుడో ఆపేసిన ఆ సెట్టింగు ఏసీఎల్ ఫైలుతో రాదు. కొత్త వెర్షన్‌లో మళ్లీ ఆపుకోవాలి.

యంత్రాలు బాగుచేసేవాళ్లు డిస్కు తుడిచే ముందు ‘ఆటోకరెక్ట్ ఏమన్నా పెట్టుకున్నవా అక్కా’ అని ఒక్క మాట అడిగితే ఎంతమంది శ్రమ నిలుస్తుందో. అడగకపోతే దుకాణం వాళ్లే చెప్పాలి. పాత డబ్బాను ఎక్స్ఛేంజికి ఇచ్చేయడానికి ముందు కొత్తదాని మీద ఒక విరాసత్ దరఖాస్తు, ఒక సాదాబైనామా అర్జీ, నాలుగు హద్దులతో ఒక క్రయపత్రం కొట్టి చూడాలి. మూడింట్లో ఎక్కడా చెయ్యి ఆగకుంటే అప్పుడు ఇవ్వొచ్చు.