అమ్మ ఇచ్చిన మూత్రపిండం

“నా కిడ్నీయే మంచిది కాదేమో డాక్టరుగారూ! బిడ్డకు చెడ్డది ఇచ్చానా?” అని ఒక తల్లి అడిగిన నాడు నాకు వెంటనే జవాబు తోచలేదు. కుమారునికి ఆమె మూత్రపిండాన్ని దానం చేసి అప్పటికి నాలుగేళ్లు. అతని మూత్రంలో మళ్లీ నురగ కనిపించింది. బయాప్సీ చేయిస్తే పాత వ్యాధి, ఐజీఏ నెఫ్రోపతీయే, తిరిగి వచ్చిందని తేలింది. మార్పిడికి ముందు “ఇక మీ వాడి జబ్బు పోయినట్లే” అని ధైర్యం చెప్పినవాడిని నేనే. అలా చెప్పి ఉండకూడదు.

ఈ వ్యాధిలో మూత్రపిండం దెబ్బ తినేదే గాని, దెబ్బ కొట్టేది కాదు. శరీర రక్షణకై తయారయ్యే ఐజీఏ ప్రతిరక్షకాలలో కొన్నిటి నిర్మాణం లోపభూయిష్ఠంగా ఉంటుంది. శరీరం వాటిని పరాయివిగా భావించి, వాటిపైకి వేరే ప్రతిరక్షకాలను పంపుతుంది. ఆ రెండూ పెనవేసుకొని రక్తంలో తిరుగుతూ మూత్రపిండపు వడపోత గుచ్ఛాలలో పేరుకుంటాయి. మూత్రపిండాన్ని మార్చినంత మాత్రాన ఆ స్వభావం మారదు కదా! 1968లో ఈ వ్యాధిని వర్ణించిన పారిస్ వైద్యుడు బెర్జే, మార్పిడి తరువాత అది తిరిగి వస్తుందని కూడా 1975లో ప్రకటించారు. ఇంకొక విశేషం: ఐజీఏ పేరుకొని ఉన్న దాత మూత్రపిండాన్ని ఈ వ్యాధి లేనివారికి అమర్చినప్పుడు, ఆ నిక్షేపాలు క్రమంగా కరిగిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఆ తల్లికి ఈ సంగతే చెప్పాను. ఆమెకు సగమే నమ్మకం కుదిరింది.

పాఠకులారా, ఇది తిరస్కరణ కాదు. తిరస్కరణలో శరీరం పరాయి అవయవంపై తిరగబడుతుంది. ఇక్కడ పాత వ్యాధే కొత్త చోట మొదలవుతుంది. ఎఫ్‌ఎస్‌జీఎస్ అనే వ్యాధి అయితే కొందరిలో కొద్ది రోజులలోనే తిరిగి వస్తుంది. ఐజీఏ సాధారణంగా ఏళ్ల తరబడి, నెమ్మదిగా సాగుతుంది. క్రియాటినిన్ బాగుందని మూత్రపరీక్ష మానేసేవారిని ఎందరినో చూశాను. మాంసకృత్తులు, రక్తకణాలు మూత్రంలో ముందు కనిపిస్తాయి; క్రియాటినిన్ తరువాత పెరుగుతుంది. మన వద్ద చాలామంది మూత్రపిండాలు కుంచించుకుపోయాక గాని వైద్యుని వద్దకు రారు. అప్పటికి బయాప్సీకి వీలుండదు, మూలవ్యాధి పేరే తెలియదు. పేరు తెలిసినవారు ఆ పాత నివేదికను భద్రపరచి, మార్పిడి చేసే వైద్యునికి తప్పక చూపాలి.

ఆ యువకునికి రక్తపోటు, మాంసకృత్తుల నష్టం తగ్గించే మందులు ఇచ్చాము. తిరస్కరణను ఆపే మందులు ఒక్క పూట కూడా మానవద్దన్నాము. ఆ మూత్రపిండం మరి తొమ్మిదేళ్లు పనిచేసింది. ప్రతి పరీక్షకూ తల్లి వెంట వచ్చేది. చదవడం రాకపోయినా, నివేదికను ముందుగా తానే అందుకొనేది.