బొక్కల ఫోటో

పోయిన ఎండాకాలం బాన్సువాడలో మా నాయనమ్మ జారిపడింది. మణికట్టు ఎక్స్‌రే తీశాక టెక్నీషియన్ ఆ ఫిల్మ్‌ని లైట్ ముందు పెట్టి, తన ఫోన్‌తో ఫోటో తీసి, నిజామాబాద్‌లో ఉన్న ఎముకల డాక్టర్‌కి వాట్సాప్‌లో పంపాడు. పది నిమిషాల్లో జవాబొచ్చింది. ఆ మేలు కాదనను. దారిలో వాట్సాప్ తాళం వేస్తుంది కూడా. కానీ పేరు, వయసుతో సహా ఆ ఫోటో అతని గ్యాలరీలో ఉండిపోయింది. ఇంటికొచ్చాక నాయనమ్మ అడిగింది: "నా బొక్కల ఫోటో ఎంతమంది జూసిన్రురా?"

మినీ ప్రాజెక్ట్‌కి అదే తీసుకున్నా. ఎక్స్‌రే మెషీన్‌కి తగిలించే చిన్న బోర్డే బొమ్మకి తాళం వేసి పంపాలి. బోర్డుకి మెమరీ తక్కువ కాబట్టి లాజిస్టిక్ మ్యాప్ పట్టుకున్నా. 1976లో రాబర్ట్ మే రాసిన పేపర్‌తో ఫేమస్ అయిన లెక్క ఇది. 0కి, 1కి మధ్య ఒక సంఖ్య తీసుకో. 1 లోంచి దాన్ని తీసేస్తే మిగిలినదానితో దాన్నే గుణించు, ఆపైన 3.99తో గుణించు. వచ్చినదానితో మళ్ళీ అదే పని. మొదటి సంఖ్యలో పదో దశాంశం మారినా కాసేపటికి లెక్క వేరే దారి పడుతుంది. ఆ మొదటి సంఖ్యే తాళంచెవి. వచ్చిన సంఖ్యలతో పిక్సెల్స్‌ని ఎక్సార్ చేస్తే, బొమ్మ సిగ్నల్ పోయిన టీవీలా చుక్కలైపోతుంది.

ఈఎస్‌పీ32 బోర్డులో తాళం వేసి ల్యాప్‌టాప్‌లో తీస్తే మళ్ళీ చుక్కలే! రెండు రోజులు తల పట్టుకున్నా. బోర్డులో నేను వాడింది 32 బిట్ల ఫ్లోట్, పైథాన్‌లో 64 బిట్లు. ఆ కాస్త తేడాకే ముప్పై నలభై అడుగుల్లో రెండు లెక్కలూ విడిపోయాయి. ఏ గుణాన్ని నమ్ముకున్నానో అదే నన్ను ముంచింది. చివరికి దశాంశాలు మానేసి పూర్ణాంకాలతో రాశా.

రివ్యూలో హిస్టోగ్రామ్ చదునుగా వచ్చిందని గర్వంగా చూపించా. మేడమ్ ఒక్కటే అడిగారు: "పేషెంట్లందరికీ ఒకే తాళంచెవా?" అవునన్నా. నెట్‌లో దొరికిన మోకాలి ఎక్స్‌రేకి కూడా అదే తాళం వేయించి, రెండు చుక్కల బొమ్మల్ని ఎక్సార్ చేయమన్నారు. తాళాలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. స్క్రీన్ మీద ఎవరిదో మోకాలు, దాని మీద మా నాయనమ్మ మణికట్టు.

ప్రతి బొమ్మకీ కొత్త తాళంచెవి పెట్టమన్నారు. ఇలాంటి చిన్న పరికరాల కోసమే 2023లో అమెరికా సంస్థ నిస్ట్ ఎంపిక చేసిన ఆస్కాన్ చదవమన్నారు. ఇప్పుడు అదే చదువుతున్నా.

దసరాకి ఇంటికెళ్తే నాయనమ్మ అడిగింది, "తాళమేసినవా?" అని. జరిగింది చెప్పా.

"గది తర్వాత సంగతి. ముందుగాల ఆ పిలగాని ఫోన్ల ఉన్నది తీసేయమను."

వెళ్ళేసరికి సెంటర్ మూసి ఉంది, పండగ కదా. సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాలి.