సుగ్గి మూటలో మాత్రలు

ఇంకో వారంలో సంక్రాంతి. ఆస్పరి స్టేషన్లో రైలు దిగి ఆటోలో ఒక పల్లె చేరేసరికి వీధిలో సగం ఇళ్లకు తాళాలు. కొన్ని గుమ్మాలకు తాళంతో పాటు కంపమండ కూడా అడ్డం పెట్టారు, మేకలు అరుగెక్కకుండా. తెరిచి ఉన్న ఇళ్ల ముందు ముసలివాళ్లు కూర్చున్నారు, ఒళ్లో మనవళ్లు. మిగతావాళ్లు ఏరని నేను అడగలేదు. సుగ్గికి పోయారు.

కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, పండగ. మా వైపుకొచ్చేసరికి అది వలసకు పేరైంది. ఆలూరు, ఆస్పరి, కోసిగి, కౌతాళం పల్లెల నుంచి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోవడమే సుగ్గి. జొన్నపిండి, చెంబూ తట్టా, చంటిపిల్లలతో సహా ఇల్లంతా కదులుతుంది. వానను నమ్ముకున్న ఈ నల్లరేగడిలో పత్తి దెబ్బతింటే, ఆస్పరి మార్కెట్లో టమాటా ధర పడిపోతే, ఇంకో దారి లేదు. మళ్లీ వచ్చేది ఉగాదికే. ఉగాది మరునాడు ఇదే మండలంలోని కైరుప్పలలో పిడకల సమరం జరుగుతుంది. ఎక్కడ కూలి చేస్తున్నవాళ్లయినా దాని కోసం రైలెక్కేస్తారు.

నేను వెళ్లింది ఒక తల్లినీ కొడుకునూ చూడడానికి. కొడుక్కి ముప్పై ఏళ్లు. పదకొండేళ్లుగా స్కిజోఫ్రీనియాతో బతుకుతున్నాడు. వాళ్ల పేర్లు, ఊరి పేరు రాయనని మాటిచ్చాను. ఆ సాయంత్రమే వాళ్లూ సుగ్గికి బయల్దేరుతున్నారు.

దారి చూపిన ఆశా కార్యకర్త గుమ్మం దగ్గరే కేకేసింది, "పెద్దమ్మా, సార్ వచ్చినాడు" అని. తల్లి పొయ్యి ముందు జొన్నరొట్టెలు తడుతోంది. దారిలోకి నలభై రొట్టెలు కావాలట. అప్పటికే ఎండి గట్టిపడినవి చేటలో దొంతిగా ఉన్నాయి. కొడుకు మూటల దగ్గర కూర్చుని గోనెసంచి మూతి కుడుతున్నాడు. దబ్బనం గుచ్చేటప్పుడు కుడిచేతి వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. నేను అటు చూడడం గమనించి తనే చెప్పాడు. "మాత్రలకు అన్నా ఇది. ముందైతే ఇంకా ఎక్కువుండె. దానికీ ఒక మాత్ర ఇచ్చినారు."

జబ్బు మొదలైంది సుగ్గిలోనే. పంతొమ్మిదో ఏట, గుంటూరు వైపు ఒక మిరపచేలో. మూడు రాత్రులు నిద్రపోలేదు. మేస్త్రి ఫోన్లో మాట్లాడుతుంటే తన గురించేనన్నాడు. కూరలో ఏదో కలిపారని కంచం నెట్టేశాడు. చెవిలో ఎవరో తిడుతున్నారు, ఆపమను అని తల్లిని బతిమాలాడు. ఆమె రొట్టె తిప్పుతూ చెప్పింది. "నాకేం వినపడలే నాయనా. కానీ వానికి వినపడతాంది గదా. లేదని ఎట్ల చెప్పల్ల?"

పుస్తకాల్లో ఈ జబ్బు గురించి చాలా చదివాను. లేని గొంతులు వినబడడం, లేని కుట్రలు కనబడడం, ఆ పైన మాట తగ్గిపోవడం, స్నానం చేయాలని కూడా అనిపించకపోవడం, ఎక్కువగా పదహారుకూ ముప్పైకీ మధ్య మొదలవడం. ఆ చదువంతటిలోనూ ఆమె మాటంత సూటి మాట నాకు దొరకలేదు. ఆ గొంతులు రోగికి నిజంగా వినబడతాయి. వాదించి గెలిచేది కాదు. మెదడులో డోపమిన్ వ్యవస్థ గాడి తప్పడంతో ముడిపడిన ఈ స్థితికి మందుతోనే దారి మొదలవుతుంది.

ఆ దారి వాళ్లకు రెండేళ్లు ఆలస్యంగా దొరికింది. ఊళ్లో గాలి సోకిందన్నారు. ఉరుకుంద ఈరన్న స్వామికి శ్రావణమాసంలో మొక్కు చెల్లించారు, దర్గాలో నిద్ర చేశారు, తాయెత్తులు కట్టించారు. ఇందులో నేను తప్పు పట్టేదేం లేదు. పిలిస్తే పలికేవాళ్ల దగ్గరికే ఎవరైనా వెళ్తారు. పలకాల్సిన డాక్టరు దూరంగా ఉన్నాడు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కలో ఇలాంటి తీవ్రమైన జబ్బున్న ప్రతి నలుగురిలో ముగ్గురు చికిత్సకు బయటే ఉన్నారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట అని సామెత చెప్పి నవ్వుకుంటాం. నేనూ ఎన్నోసార్లు వాడాను. ఆ ఇంట్లో కూర్చున్నాక ఇక వాడలేను.

జపాన్‌లో ఈ జబ్బును "మనసు చీలిన రోగం" అనే అర్థమొచ్చే మాటతో పిలిచేవారు. రోగుల కుటుంబాలు పట్టుబట్టాయి. 2002లో అక్కడి మానసిక వైద్యుల సంఘం పేరే మార్చేసింది. పాత పేరు చెప్పలేక రోగికి జబ్బేమిటో దాచిన డాక్టర్లు, కొత్త పేరు వచ్చాక చెప్పడం మొదలెట్టారు. మన వాడుకలో ఇంకా పిచ్చి అన్న ఒక్క మాటే ఉంది. ఆ తల్లి మాత్రం "మా వాని తలనొప్పి" అంటుంది. తలనొప్పి కాదని ఆమెకు తెలుసు.

మందు మొదలెట్టిన మూడో నెలకే మనిషి తేరుకున్నాడు. మళ్లీ అన్నం అడిగాడు, చెల్లెలితో మాట్లాడాడు. ఆ ఏడాది అందరితో పాటు సుగ్గికీ పోయాడు. చిక్కు అక్కడే వచ్చింది. చేతిలో ముప్పై రోజుల మాత్రలు. సుగ్గి తొంభై రోజులు.

తెచ్చుకున్నవి అయిపోయాయి. వాళ్లున్న గుడిసెల నుంచి పట్నం పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. పోయినా చీటీ ఊళ్లోనే ఉండిపోయింది. బాగానే ఉన్నాడు కదా అనుకున్నారు. నెల తిరిగేసరికి గొంతులు తిరిగొచ్చాయి. ఒక రాత్రి గుడిసె వదిలి ఎటో నడిచిపోయాడు. రెండు రోజులకు దొరికాడు. పని వదులుకుని, మేస్త్రి దగ్గర తీసుకున్న అడ్వాన్సు అప్పుగా మిగుల్చుకుని ఊరికి తెచ్చుకున్నారు.

ఆ తర్వాతి మాట ఆమె నేనడక్కుండానే చెప్పింది. లేచి, ఇంటి వెనక కొట్టంలోకి తీసుకెళ్లి, ఒక రాతి గుంజ చూపించింది. నేల నుంచి మూరెడు ఎత్తున రాయి చుట్టూ నున్నగా అరిగింది. "ఎద్దుల గొలుసుతో కట్టినాం. నాలుగు నెలలు. పనికి పోతే మళ్లా యాడికి పోతాడో అని." వేలితో ఆ అరుగుదలను తడిమి, చెయ్యి వెనక్కి తీసుకుంది. కొడుకు వాకిట్లోనే ఉన్నాడు. అతనికీ వినబడుతూనే ఉంది. "మాయమ్మ అన్నం తినిపించేది అన్నా, కట్టేసి కూడా" అన్నాడు.

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడి దర్గా దగ్గర ఒక పాకలో మంటలంటుకున్నాయి. గొలుసులతో కట్టేసి ఉండడంతో పారిపోలేక 28 మంది మానసిక రోగులు చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదంటుంది. చట్టం సరైనదే. కానీ ఇదే చట్టం 18వ సెక్షన్ ప్రతి మనిషికీ దగ్గరలో వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. 18 అమలైన ఊళ్లో 95తో పనిబడదు. ఆ గుంజ దగ్గర నిలబడి ఆ తల్లిని నేరస్తురాలిగా చూడడం నాకు సాధ్యం కాలేదు.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పుకోవాలి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా బళ్లారి జిల్లాలోనివే. ఆ బళ్లారిలోనే 1985 నుంచి 1990 దాకా బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు ఒక ప్రయోగం చేశారు. రోగిని పెద్ద ఆసుపత్రికి రప్పించకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకూ, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తకూ శిక్షణ ఇచ్చారు. నాలుగైదు రకాల మందులు అక్కడే దొరికేలా చూశారు. మూర్ఛ, తీవ్రమైన మానసిక జబ్బులు ఊళ్లోనే నయం చేయవచ్చని ఇరవై లక్షల జనాభా ఉన్న జిల్లాలో చూపించారు. దేశమంతా నడుస్తున్న జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి మూలం అదే. 1996లో మొదట ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఆస్పరి నుంచి చూస్తే ఆ ప్రయోగం జరిగింది పొరుగూళ్లోనే. సరిహద్దు గీత ఇంకాస్త తూర్పున పడి ఉంటే ఈ అబ్బాయి పుట్టకముందే ఈ ఊరికి ఆ మందులు వచ్చేవేమో అన్న ఆలోచన తిరుగు ప్రయాణంలో కూడా నన్ను వదల్లేదు.

గొలుసు విప్పించింది ఈ ఆశా కార్యకర్తే. ఎలా అని అడిగితే ఏం చెప్పాలో తోచక నవ్వింది. "రోజూ వచ్చి కూసుంటి సార్, అంతే." రోజూ వచ్చింది, ఆసుపత్రికి తోడు వెళ్లింది, మాత్ర ఏ పూట వేయాలో తల్లికి నేర్పింది. ఇలాంటి తోడు పనిచేస్తుందనడానికి సాక్ష్యం కూడా ఉంది. తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మంది స్కిజోఫ్రీనియా రోగులతో చేసిన ఒక అధ్యయనం 2014లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఇంటికి వెళ్లి మాట్లాడుతూ, మందు మానకుండా చూస్తే, ఉత్త ఆసుపత్రి వైద్యంతో కంటే రోగుల స్థితి కొంత మెరుగైంది. ఆ మేలు తమిళనాడు పల్లెల్లోనే బాగా కనబడింది. డాక్టర్లు తక్కువున్న చోటే మనిషి తోడుకు విలువ ఎక్కువ.

గోడకు రెండు వెంకట్రామా క్యాలెండర్లు ఒకే మేకుకు వేలాడుతున్నాయి. కొత్తదాని వెనక పాతది. మాత్ర మింగిన రాత్రి ఆ గడిలో పెన్నుతో చుక్క పెడతాడు. పాత క్యాలెండరు తిప్పి చూశాను. నెల తర్వాత నెల, నీలం చుక్కలు. ఆగస్టులో తొమ్మిది గళ్లు ఖాళీ.

"ఆ తొమ్మిది దినాలు ఏమైంది తమ్ముడూ?"

"బాగుండానని మానేస్తి అన్నా. బాగుంటే ఎందుకు మింగాల? తొమ్మిదో దినం పక్కింటి టీవీ నాతో మాట్లాడినట్టైంది. భయపడి మళ్లా మింగితి."

ఆ ఒక్క జవాబులో దీర్ఘకాల వైద్యం కష్టమంతా ఉంది. చక్కెర జబ్బు మనిషి కూడా మాత్రలు మానేస్తాడు, కానీ ఈ మందు మానేస్తే, జబ్బు తిరగబెడుతోందని గుర్తించే శక్తే చాలాసార్లు ముందు పోతుంది. 1999లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, మొదటిసారి జబ్బుపడి కోలుకున్నవాళ్లలో మందు ఆపినవారికి తిరగబెట్టే ప్రమాదం అయిదు రెట్లని తేలింది. అతను తొమ్మిదో రోజే గుర్తుపట్టగలిగాడు. ఆ ఖాళీ గళ్లు కళ్లముందు ఉండబట్టేనంటాడు.

గుంటూరు ఎండల సంగతి కూడా అడిగాను. ఈ మందుల్లో కొన్ని చెమటను తగ్గిస్తాయి, ఒంటి వేడిని అదుపు చేసే శక్తిని దెబ్బతీస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో మిరపచేలో అది ప్రాణం మీదికి తెచ్చే విషయం. డాక్టరు చెప్పాడట, నీళ్లసీసా వదలొద్దని, నడినెత్తి ఎండలో చేలో నిలబడొద్దని. కూలీకి ఈ సలహా పాటించడం అంత తేలిక కాదు. గుంపులో వాళ్లే ఒక ఏర్పాటు చేశారు. పొద్దెక్కాక అతను కోత మానేసి, చెట్టు కింద తాలుకాయలు ఏరుతాడు. కూలి కొంచెం తక్కువ. మందు మత్తుకు తెల్లవారి నాలుగింటికి లేవలేడు గనక రాత్రి మాత్ర ఎనిమిదింటికే వేసుకుంటాడు. ఏ వైద్య గ్రంథంలోనూ లేని ఈ సర్దుబాటు చేసింది అతని మేనమామలూ పిన్నమ్మలూ. పునరావాసం అని మనం పెద్ద పేరు పెట్టుకునేది బహుశా ఇదే.

పింఛను మాట వచ్చేసరికి తల్లి మొహం మారింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని కూడా వైకల్యంగా గుర్తించింది. వైకల్యం నలభై శాతం ఉంటే సదరం సర్టిఫికెట్ వస్తుంది, దానితో పింఛను. 2024 జులై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. శాతం లెక్కించేది తనను తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, మాట అర్థం చేసుకోవడం, పని చేసుకోవడం చూసి. మందు పనిచేస్తే ఈ నాలుగూ మెరుగవుతాయి, శాతం తగ్గుతుంది. "బాగైనాడంటే పింఛను తీసేస్తారేమో నాయనా" అంది. ఆ భయంతో ఇంట్లో అతను మేకలు కాసే సంగతి కూడా బయట చెప్పనివ్వదు. మంచి గుడ్డలు కట్టుకుని పరీక్షకు పోవద్దని ఎవరో చెప్పారట. కోలుకోవడమే నష్టంగా తోచేలా ఉన్న లెక్క మారాలి. ఈ డబ్బు మందు ఆగకుండా ఉండడానికి పెట్టే ఖర్చని చూస్తే, మెరుగైన మనిషికే అది ఎక్కువ అవసరం.

నేను ఇంతగా పట్టించుకోవడానికి ఒక కారణం ఉంది. మా చిన్నాయన ఇలాగే ఉండేవాడు. నా చిన్నప్పుడు గుంతకల్లులో ఏదో రైలెక్కాడు, తిరిగి రాలేదు. ఆస్పరి మీదుగా పోయే ఈ ముంబయి లైనులోనే చాలా దూరాన కర్జత్ ఉంది. అక్కడ శ్రద్ధా ఫౌండేషన్ వాళ్లు రోడ్ల మీద తిరిగే మానసిక రోగులను తీసుకెళ్లి, వైద్యం చేయించి, ఊరి పేరు గుర్తొచ్చాక ఇళ్లకు చేరుస్తారు. దాన్ని నడిపే డాక్టర్ భరత్ వత్వానీకి 2018లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ వార్త చదివిన రోజు మా అవ్వ బతికి లేదు.

మూడింటికి ఆశా కార్యకర్త సంచి తెరిచింది. ఈసారి మూడు నెలల మాత్రలు ఇప్పించింది, దానికోసం రెండుసార్లు తిరిగిందట. చీటీని రెండు జిరాక్సులు తీయించింది. గుంటూరు పెద్దాసుపత్రిలో ఏ ఓపీకి వెళ్లాలో వెనక రాసింది. కింద పెద్ద అంకెలతో 14416 వేసింది. అది టెలీ మానస్ నంబరు, 2022 అక్టోబరు నుంచి ఉంది, తెలుగులో ఏ వేళైనా పలుకుతారు. అతను మాత్రల అట్టలు మంచం మీద పరిచి లెక్కపెట్టి రెండు భాగాలు చేశాడు. ఒకటి తన చొక్కాల సంచిలో. ఇంకొకటి ప్లాస్టిక్ కవరులో చుట్టి, జొన్నపిండి మూటలో మధ్యకు తోశాడు. తడవదు, ఎవరూ పారేయరు, పిండి కోసం రోజూ విప్పుతారు గనక మర్చిపోరు.

వీధి చివర లారీ హారన్ కొట్టింది. మేకను పక్కింటి అవ్వకు అప్పజెప్పారు. తల్లి తాళం వేసింది, అతను కంపమండ లాక్కొచ్చి గుమ్మానికి అడ్డం పెట్టాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కొచ్చి కంప పక్కకు తీసి, "అమ్మా, తాళంచెవి ఈయ్" అన్నాడు. లోపలికి వెళ్లి కొత్త క్యాలెండరు మేకు నుంచి తీసి, గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు.