మానైనను వంగును

మంజీరా నది నీరు మా ప్రాంతమునకు ప్రాణము. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు నుండి ఆ నీరు కాలువల వెంట బాన్సువాడ, బోధను ప్రాంతముల పొలములకు పారినది. ఆ జలాశయ నిర్మాణమును నడపిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు. మా రుద్రూరున వరి, చెరకు పైరులపై పరిశోధనలు చేయు క్షేత్రము కలదు. ఊరి చుట్టును పచ్చని మడులు. మడుల నడుమ పిల్లకాలువలు. ఎటు చూచినను నీరే.

ఇట్టి ఊరిలో పుట్టినవానికి ఈత రాకుండునా అని మీరనుకొనవచ్చును. వీపునకు ఎండిన సొరబుర్రయో బెండ్లో కట్టుకొని మోటబావిలో దూకి ఈత నేర్చుకొనుట పూర్వము పల్లెపిల్లలకు వేసవి వినోదము. నాకు ఆ వినోదము దక్కలేదు. నాకు ఏడేండ్ల వయసున మా వీధి బాలుడొకడు కాలువలో మునిగి మరణించెను. ఆనాటి నుండి మా అమ్మ నన్ను కాలువ గట్టునకు పోనీయలేదు. ఆమె భయము మెల్లమెల్లగా నాలోనికి వచ్చి చేరెను. ముప్పదియెనిమిదేండ్లు వచ్చువరకు మోకాలిలోతు దాటి నీటిలో అడుగిడి యెరుగను.

మా అమ్మాయికి పదవయేడు వచ్చినప్పుడు ఆమెను నిజామాబాదులోని ఒక ఈతకొలనులో చేర్పించితిని. ఆమె నేర్చుకొనుచుండగా నేను గట్టున కూర్చుండి తువ్వాలు పట్టుకొని చూచుచుండెడివాడను. ఒకనాడు ఆమె, “నాన్నా! నేను మునిగిపోయినచో నీవు వచ్చి పట్టుకొందువా?” అని అడిగెను. నవ్వుచు అడిగిన మాటయే. కాని దానికి నాయొద్ద సమాధానము లేకపోయెను. మరునాడే పెద్దల తరగతిలో పేరు వ్రాయించుకొంటిని.

ఈ వార్త విని మా పొరుగింటి తాత, “బిడ్డా! మొక్కై వంగనిది మానై వంగునా?” అనెను. సామెత పెద్దలది, దానిలో అనుభవము లేకపోలేదు. బాల్యమున దేహము తేలిక, భయము తక్కువ, నేర్పు త్వరగా పట్టువడును. అయినను సామెతకు ఎదురు నిలిచినవారును కలరు. సామర్లకోట ప్రాంతమువారైన గోలి శ్యామల నలుబదియేండ్లు దాటిన పిదప, నీటిభయమును పోగొట్టుకొనుటకై హైదరాబాదులో ఈత నేర్చుకొనిరి. 2021 మార్చి నెలలో ఆమె శ్రీలంకలోని తలైమన్నారు నుండి మన ధనుష్కోటి వైపునకు, సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషములలో ఈదిరి. కొలనులోని నీటికి వెరచినవారు సముద్రమును దాటగలిగినప్పుడు, సముద్రమును కోరని నేను కొలనును దాటలేనా అని తలచితిని.

రెండు మాసములకు నీటిపై తేలుటయు, ఎట్లో ఒకట్లు కొలను ఈ చివర నుండి ఆ చివరకు చేరుటయు వచ్చినది. అంతటితో ఆగిపోవచ్చును. కాని మా శిక్షకుడు ఒకనాడు స్టాప్ వాచీ తీసి, “అన్నా! నేటి నుండి మీకు దీనితో స్నేహము” అనెను. అతడు నాకంటె పదేండ్లు చిన్నవాడు. అయినను గురువు గురువే. భయపడువానికి గడియారము మంచి మందని అతని మతము. మనసు ‘మునుగుదునేమో’ అను తలపును విడిచి, ‘ఈనాడు ఎన్ని సెకండ్లు?’ అను తలపును పట్టుకొనునట. 25 మీటర్ల ఆ కొలనులో పోయి వచ్చినచో 50 మీటర్లు. ఆ దూరమునకు మొదటి దినమున నాకు పట్టిన కాలము 1 నిమిషము 32 సెకండ్లు. ఒక పొడవునకు నేను వేసిన బారలు 34.

నేను నేర్చుకొనుచున్న పద్ధతికి ఫ్రీస్టైలు అని పేరు. అనగా ఈతగాడు తనకు నచ్చిన రీతిని ఈదవచ్చునని అర్థము. అయినను ఆ పోటీలలో ఎల్లరును ఎన్నుకొనునది ఒకే రీతి. బోరగిలి పండుకొని, రెండు చేతులను మార్చి మార్చి ముందునకు చాచి నీటిని వెనుకకు లాగుచు, కాళ్ళను పైకిని క్రిందికిని ఆడించుటయే ఆ రీతి. దానిని క్రాలు అందురు. మించిన వేగము గల ఈత మరియొకటి లేనందుననే స్వేచ్ఛ ఇచ్చినను అందరును దానినే కోరుదురు.

వేగము పెరుగవలెనన్న బలము పెరుగవలెనని సామాన్యులు తలతురు. నీటి ధర్మము వేరు. నీరు గాలికంటె దాదాపు 800 రెట్లు చిక్కనిది. అంతేకాదు, మన వేగము రెండింతలైనచో నీరు మనకు చూపు నిరోధము ఇంచుమించు నాలుగింతలగును. కావున బలముతో నీటిని గెలువబూనుట ఏనుగుతో కుస్తీ పట్టుట వంటిది. నీటికి అడ్డము రాకుండ దేహమును సన్నగా, బారుగా ఉంచుకొనుటయే మొదటి ఉపాయము. “అన్నా! నీటితో పోరాడకుడు, నీటిపై పండుకొనుడు” అని శిక్షకుడు నూరుసార్లు చెప్పియుండును.

పండుకొనుట అంత సులభము కాదు. ఊపిరితిత్తులలో గాలి ఉన్నందున రొమ్ము తేలును; కాళ్ళు బరువై క్రుంగును. ముందునకు చూడవలెనని తల యెత్తినకొలది నడుము, కాళ్ళు మరింత దిగును. అప్పుడు దేహము నాగలివలె నీటిని దున్నుచు పోవును. తల దించి కొలను అడుగుభాగమును చూచుచు, రొమ్మును కొంచెము నొక్కినచో కాళ్ళు వాటియంతట అవి పైకి వచ్చును. ఈ ఒక్క మార్పుతోనే నా కాలము ఒక వారములో 8 సెకండ్లు తగ్గెను. బలము ఒక వీసమైనను పెరుగలేదు.

తరువాతి పాఠము ఊపిరి. క్రొత్తవాడు నీటిలో ఊపిరి బిగబట్టును. తల త్రిప్పిన ఆ క్షణములోనే లోని గాలిని విడిచి క్రొత్తగాలిని పీల్చవలసి వచ్చుటచే ఆయాసపడును. ముఖము నీటిలో ఉన్నంతసేపు ముక్కుతో, నోటితో గాలిని మెల్లగా విడుచుచుండవలెను. తల పైకెత్తక, దేహముతోపాటు ప్రక్కకు త్రిప్పి పీల్చవలెను. అప్పుడు ఒక కన్ను నీటిలోనే ఉండును. ఊపిరి కుదిరిన దినమున నా భయము సగము తీరెను. భయమును ఊపిరియు ఒకే త్రాటికి కట్టిన రెండు ఎడ్లవంటివని అప్పుడు గ్రహించితిని.

పిమ్మట చేతులు. ముందునకు చాచిన చేతిని నిటారుగా క్రిందికి నొక్కినచో దేహము పైకి లేచునే కాని ముందునకు సాగదు. మోచేయి పైననే ఉండగా ముంజేయిని క్రిందికి వంచి, అరచేయి మొదలు మోచేతివరకు ఒక తెడ్డువలె చేసికొని నీటిని వెనుకకు నెట్టవలెను. ఇది పట్టువడుటకై శిక్షకుడు నన్ను పిడికిళ్ళు బిగించి ఈదుమనెను. అరచేయి లేనివాడు ముంజేతితో పనిచేయక తప్పదు గదా! పది నిమిషముల తరువాత పిడికిలి విప్పినచో చేతిలోనికి కొలను అంతయు వచ్చినట్లుండెను. కాళ్ళను మోకాలి నుండి కాక తుంటి నుండి ఆడించుటకు ఒక పలకను చేతులతో పట్టుకొని పొడవులు తిరిగితిని.

ఇట్లు ఒక్కొక్క అవయవమునకు వేర్వేరుగా చదువు చెప్పించిన తరువాత గడియారపు సాధన మొదలయ్యెను. వారమునకు మూడు దినములు, తెల్లవారకమునుపే రుద్రూరు నుండి బయలుదేరెడివాడను. ముందు మెల్లగా 200 మీటర్లు ఈది ఒడలు వెచ్చ చేసికొనుట. తరువాత 50 మీటర్ల చొప్పున ఎనిమిది మారులు, నడుమ 30 సెకండ్ల విశ్రాంతి. ఇందులో నియమము ఒక్కటే: ఎనిమిదవ మారు పట్టిన కాలము మొదటి మారుకంటె హెచ్చు కారాదు. వినుటకు ఇది తేలిక. ఉత్సాహమున మొదటి రెండు మారులు పరుగెత్తినవాడు చివరి మూడు మారులు ఈడ్చుకొనుచు రావలసినదే. ఉన్న శక్తిని పంచుకొని వెచ్చించుట ఆ సాధనలోని రహస్యము. నెలజీతముతో ఇల్లు నడపువారికి ఇది క్రొత్త విద్య కాదు.

ప్రతిదినము కాలమును, బారల సంఖ్యను ఒక చిన్న పుస్తకమున వ్రాసికొంటిని. మొదటి మాసాంతమున 1 నిమిషము 14 సెకండ్లు. రెండవ మాసాంతమున 1 నిమిషము 5 సెకండ్లు. మూడవ మాసమంతయు 1 నిమిషము 4 సెకండ్లు! ఎంత శ్రమించినను ముల్లు అక్కడనే నిలిచెను. అప్పుడు తాత సామెత చెవులలో మ్రోగినది. మాను వంగవలసినంత వంగినదేమో, ఇక విరుగునేమో అనిపించినది.

శిక్షకుడు నా పుస్తకమును చూచి వింతయైన ఆజ్ఞ ఇచ్చెను. రెండు వారములు గడియారము చూడరాదు. బారలను మాత్రము లెక్కింపవలెను. ఒక పొడవునకు 29 పడుచున్న బారలను తగ్గింపవలెను. వేగము కొరకు వచ్చినవానిని మెల్లగా పొమ్మనుట నాకు కష్టముగా తోచినది. అయినను చెప్పినట్లు చేసితిని. ఒక్కొక్క బార వేసిన తరువాత దేహము జారిపోవుచున్న ఆ రెప్పపాటు సుఖమును అప్పుడే మొదటిసారి చవిచూచితిని. బారలు 24కు దిగెను. తరువాత గడియారము చూచినప్పుడు 59 సెకండ్లు. ఆరవ మాసాంతమునకు 56.

ఆ యేడు హైదరాబాదులో వయోజనుల ఈతపోటీ జరిగినది. ఇరువదియైదేండ్లు నిండినవారిని అయిదేసి యేండ్ల తరగతులుగా విభజించి నడపు ఇట్టి పోటీలు దేశదేశములలో కలవు. ఎనుబదియేండ్లవారును వానిలో దిగుట కద్దు. నేను 100 మీటర్ల ఫ్రీస్టైలులో పేరిచ్చితిని. అది 50 మీటర్ల పొడవు గల కొలను. చిన్న కొలనులో ప్రతి 25 మీటర్లకు గోడను తన్ని ఊపు తెచ్చుకొనవచ్చును; ఇచ్చట ఆ సాయము ఒకే మారు. రెండు నిమిషముల పది సెకండ్లలో చేరవలెనని నా సంకల్పము.

ఈల మ్రోగెను. ప్రక్కవారందరును బాణములవలె పోయిరి. వారిని వెన్నంటవలెనని చేతులు తొందరపడెను. ఎనిమిది మారుల నియమమును తలచుకొని, బారలను లెక్కించుకొనుచు నా త్రోవను నేను పోయితిని. గోడను తన్ని మరలిన పిమ్మట, ముందుపోయినవారిలో ఇద్దరు అలసి నాకు చేరువైరి, తుదకు వెనుకబడిరి. నేను ఎనమండుగురిలో ఆరవవాడనైతిని. కాలము 2 నిమిషముల 7 సెకండ్లు. గట్టున గడియారము పట్టుకొని నిలిచిన మా అమ్మాయి ఆ అంకెను మూడు మారులు బిగ్గరగా చదివెను.

ఆరవ స్థానమునకు పతకము లేదు. ఆ 3 సెకండ్లు నాకు పతకముకంటె ఎక్కువ. ఏలయన అవి ఒకరినుండి గెలుచుకొన్నవి కావు. ఆరు మాసముల తెల్లవారుజాములలో ఒక్కొక్కటిగా సంపాదించుకొన్నవి.

సెకండు విలువ తెలిసికొనగోరువారు ఈ లెక్కను చూడవలెను. 1922 జులై 9న అమెరికా దేశపు జానీ వైస్ముల్లరు 100 మీటర్లను 58.6 సెకండ్లలో ఈది, ఆ దూరమును నిమిషములోపల ముగించిన మొదటివాడయ్యెను. 2024లో పారిస్ ఒలింపిక్సులో చైనా యువకుడు పాన్ జాన్లె అదే దూరమును 46.40 సెకండ్లలో ఈదెను. ఈ రెండింటి నడుమ తేడా 12 సెకండ్లకు కొంచెము పైన. దానిని సాధించుటకు లోకమునందలి శ్రేష్ఠులైన ఈతగాండ్రకు నూరేండ్లకు పైగా పట్టినది! క్రొత్తగా నేర్చువాడు మొదటి మాసముననే అన్ని సెకండ్లు తగ్గించుకొనగలడు. అందులో అతని గొప్ప లేదు. అది ఆరంభకునికి విద్య యిచ్చు బహుమానము. ఆ బహుమానము ఆగిపోయిన తరువాత, ముల్లు కదలని దినములలో కొలనునకు వచ్చువాడే నిజమైన విద్యార్థి.

విద్యార్థులారా! మీరింకను మొక్కలు, మీకు వంగుట సులభము. ఈత నేర్చువయసు మీకిదియే. అయితే పెద్దల రక్షణలో, తెలిసిన శిక్షకుని యొద్ద నేర్వుడు. కాలువల ప్రవాహము కొలనునీటివలె నిలుకడ కలది కాదు. గడియారములో గెలిచినవానిని కూడ అది లాగుకొనిపోగలదు. ఎవరైన మునుగుచున్నచో తొందరపడి దూకక, కేకవేసి పెద్దలను పిలిచి, త్రాడో కర్రయో అందింపుడు. ఈదుట యొక విద్య, మునుగువానిని రక్షించుట వేరొక విద్య. రెండవదానిని నేనిప్పుడు నేర్చుకొనుచున్నాను.

సామెతలు లోకానుభవముయొక్క సారములే. కాని లోకానుభవము నిన్నటితో ముగియదు. మాను ఒక్కసారిగా వంపబోయినచో విరుగును. దినమునకు వెండ్రుకవాసి చొప్పున ఓర్పుతో వంచినచో వంగును. నిన్నటి తనను నేడు ఒక సెకండు దాటగలిగిన వానికి ఏ వయసును నేర్చుటకు మించిన వయసు కాదు.